పోశవ్వ ముడి వెయ్యని చోటు

నాకు అనుమానం ఎక్కువ. ఇది నా అంతట నేను ఒప్పుకునే మాట కాదు, మా ఆవిడ నర్మద పదిమందిలో చెప్పే మాట. పాల ప్యాకెట్టు కొంటే తేదీ చూస్తాను. చూశాక, పాత తేదీ మీద కొత్తది అచ్చు వేశారేమోనని గోటితో గీకి చూస్తాను. లక్సెట్టిపేట బస్టాండు ఎదురుగా ఇరవై ఏళ్ళ నుంచి జిరాక్సు, ఆన్‌లైన్ సెంటరు నడుపుతున్నాను. ఊరందరి కాగితాలూ చదివినవాడికి ఎవరి మీదా నమ్మకం మిగలదు.

అర్జీలు కూడా నేనే రాస్తాను. పింఛనో, ఇంటి జాగో, కరెంటు స్తంభమో, ఏదైనా సరే. సదానందం అర్జీ అంటే చివర ఒక వాక్యం ఉండి తీరాలి: "తమరి చల్లని చూపు కోసం వేయి కళ్ళతో ఎదురుచూస్తున్నాము." ఆ వాక్యం లేకుండా నా దుకాణం నుంచి ఏ అర్జీ బయటికి పోలేదు. రాసిన ప్రతిసారీ అర్జీదారుకు మొత్తం చదివి వినిపిస్తాను కూడా. ఆఫీసుల్లో గుమాస్తాలు ఆ వాక్యం చూసి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ, చివరిదాకా చదివినట్టే కదా.

చెప్పబోయేది పోశవ్వ సంగతి. మధ్యలో నా గోల ఎందుకంటే, ఇందులో నేను చేసిన పని ఒకటుంది. దాన్ని దాచిపెట్టి ఈ సంగతి చెప్పడం దండగ.

గోదావరి వైపు పోయే దారిలో గంగపుత్రుల వాడ ఉంది. పోశవ్వ అక్కడి మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. భర్త ముత్యం ప్రాజెక్టు నీళ్ళలో చేపలు పడతాడు. వాడలో అందరూ మంచిర్యాల పోయి మిషన్ వలలు కొనుక్కొస్తున్న ఈ రోజుల్లో కూడా చేత్తో వల అల్లేది ఆమె ఒక్కతే. అందులోనూ విసురువల. అది పైన గుప్పెడు కన్నులతో, అంటే గళ్ళతో, మొదలై కిందికి పోయే కొద్దీ గొడుగులా విచ్చుకోవాలి. ఏ వరసలో ఎన్ని కన్నులు పెంచాలో లెక్క పైకి చెప్పదు, వేళ్ళే చూసుకుంటాయి. ఏ ఆకారం ఇచ్చినా దాని మీద వల అల్లి దించుతుంది. ఒకసారి పందెం మీద వాళ్ళ మేకపోతుకు కొమ్ములతో సహా సరిగ్గా పట్టేలా వల అల్లి తొడిగింది. ఆ మేకపోతు రెండు రోజులు వాడంతా కొత్త పెళ్ళికొడుకులా తిరిగింది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. వాడలో మిగతావాళ్ళకు లేదు, పోశవ్వకు మాత్రం అత్త నేర్పింది. ఎంత పెద్ద వల అల్లినా ఒక్కచోట నాలుగు ముడులు వెయ్యకూడదు. దారం ముడి దగ్గరికి వచ్చి ఊరికే దాటిపోతుంది. చూస్తే ఆ చోటు కూడా మిగతా వలలాగే కనిపిస్తుంది. కానీ లోపలి నుంచి బలంగా నెడితే దారాలు జారి జానెడు సందు పడుతుంది. గుడ్ల మీదున్న పెద్ద చేప ఒకటైనా అందులోంచి పోవాలట. అన్నీ పట్టే వల గంగమ్మకు గిట్టదట. ఆ చోటు ఎక్కడో ముత్యానికి కూడా చెప్పదు. ఒక్కో వలకు ఒక్కోచోట పెడుతుంది. "మా ఇంట్ల వల కన్న చాపకే ఎక్కువ మర్యాద," అని ముత్యం నవ్వుతూ తిట్టుకుంటాడు.

నిరుడు చలికాలం పోయే ముందు నాగరాజు అనే మనిషి తెల్లకారులో వచ్చాడు. పుట్టింది జమ్మికుంట, చేసేది హైదరాబాదులో ఏదో కంపెనీలో. వెనకాల లారీలో ఇనుప పైపులతో కట్టిన చట్రం ఒకటి దిగింది. ఎడ్లబండి కన్నా పెద్దది, లారీ కన్నా పొట్టిది, నడుమ మూపురం ఉన్నది. దాని మీద సరిగ్గా కూర్చునేలా వలలు అల్లాలి. నల్లటి లావుపాటి తాడు వాళ్ళే ఇస్తారు. కన్ను నాలుగు వేళ్ళు. పన్నెండు వలలు. ఇంత చిన్న పనికి, ఇన్ని వంకరలకు మిషన్ వాళ్ళు ఒప్పుకోలేదట.

పోశవ్వ తాడును పళ్ళతో కొరికి చూసింది. "ముంచే గుండ్లు లేవు, తేల్చే బెండ్లు లేవు. గిదేం వల సారూ? గిది ఏస్తె చాపలు నవ్వుతయి," అంది.

"చాపలకు గాదు అమ్మా," అన్నాడు నాగరాజు.

"మరి పిట్టలకా? పందులకా?"

"పట్టేందుకు గాదు. ఆపేందుకు."

"దేన్ని?"

"గది అడగొద్దు."

ఒప్పంద కాగితం చదివించుకోవడానికి నా దగ్గరికే తెచ్చింది. నాలుగు పేజీలు. వల ఎందుకో లేదు, ఎక్కడికి పోతుందో లేదు. 'వినియోగం గురించి ఎవరికీ తెలుపరాదు' అని మాత్రం మూడు చోట్ల ఉంది. నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది.

"పోశక్కా, నీకు తెలువని సంగతి ఎవలికీ చెప్పొద్దని సంతకం పెట్టించుకుంటున్రు. గిండ్ల ఏదో మతలబు ఉన్నది," అన్నాను.

"తెల్వని సంగతి నేనెట్లైన చెప్పలేను గద తమ్మీ. సంతకానికేం బాధ?" అని వేలిముద్ర వేసి పోయింది.

పని మత్స్యకారుల సంఘం భవనంలో మొదలైంది. పోశవ్వ పెద్ద, కింద మరో పదిమంది ఆడవాళ్ళు. ఎప్పుడో మానేసిన పని మళ్ళీ చేతికి తెచ్చుకుని వాళ్ళు బారుగా అల్లి ఇస్తే చట్రానికి పట్టేలా పెంచడం, తగ్గించడం, కలపడం ఆమె పని. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ తట్ట పెట్టారు. లోపలికి పోయేవాళ్ళు ఫోన్లు అందులో వేసి పోవాలి. ఫోన్లు తీసుకున్నాక ఊరికి అనుమానం రాకుండా ఉంటుందా? జమ్మికుంట యార్డులో పత్తి బస్తాల మీద కప్పడానికని ఒకరన్నారు. వేములవాడలో కోడెల కొట్టం మీదికి కోతులు దిగకుండా కట్టడానికని ఇంకొకరన్నారు. నేను ఆ రెండూ నమ్మలేదు. కోతులకు అన్ని సంతకాలు ఎందుకు?

నా లెక్క వేరే. ఇక్కడికి జన్నారం అడవి ఎంతో దూరం లేదు. గుండ్లు లేని లావుతాడు వల జింకకో, అడవిపందికో తప్ప దేనికి? ఎవరో పెద్దవాళ్ళు మా వాడ ఆడవాళ్ళ చేత వేట వలలు అల్లించుకుంటున్నారు, రేపు పట్టుబడితే జైలుకు పోయేది పోశవ్వ అని తేల్చుకున్నాను. తేల్చుకున్నవాణ్ణి పోయి ఆమెకు చెప్పాలి. చెప్పలేదు. అటవీ శాఖకు ఆకాశరామన్న అర్జీ టైపు చేశాను. నా పేరు పెట్టలేదు. మన ఊళ్ళో పోస్టు చేస్తే ముద్ర పడుతుందని మంచిర్యాల పోయి డబ్బాలో వేశాను. అంత జాగ్రత్తపడ్డవాణ్ణి, కింద ఆ చివరి వాక్యం రాయకుండా ఉండలేకపోయాను. చెరిపేద్దామని చూశాను. అది లేకపోతే అర్జీ మొండిగా కనబడింది. ఉంచేశాను.

వారం తిరక్కుండానే అటవీ ఆఫీసరు జీపు దిగాడు. నాగరాజు బ్యాగులోంచి ఏదో ఉత్తరం తీసి చూపించాడు. ఆఫీసరు చదివి నిటారుగా నిలబడ్డాడు. చాయి తాగి, నా అర్జీని నాగరాజు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి భవనంలో నవ్వులు ఆగిపోయాయి. నాగరాజు గుమ్మానికి కెమెరా పెట్టించాడు. మీలో ఎవరో రాశారు అన్నట్టు అందరి మొహాలూ చూసేవాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు అనుమానించుకుని చివరికి తమలోనే ఉన్న జమున మీద పడ్డారు. ఎందుకంటే జమున తమ్ముడు అడవిలో వాచరుగా చేస్తాడు. "నేను రాయలే, నాకు రాయనే రాదు," అని ఆ పిల్ల ఏడ్చింది. ఎవరూ వినలేదు. పనికి రావడం మానేసింది. ఇదంతా నా దుకాణం ముందు నుంచే నడిచి పోతున్నా నేను జిరాక్సు మిషన్లో కాగితాలు సర్దుతూ కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. సిగ్గు వేసినంత మాత్రాన నోరు తెరుచుకోదని అప్పుడే తెలిసింది.

పన్నెండో వల లారీ ఎక్కిన రోజు నాగరాజు మొదటిసారి మనిషిలా మాట్లాడాడు. పోశవ్వకు దండం పెట్టి, "వచ్చే సోమవారం గివి మీదికి పోతయి అమ్మా. సరిహద్దుకు. నీ చేతి వల ఎవలి పాణమో కాపాడ్తది," అన్నాడు. ఆ మాట అనకూడదని అన్నాక గుర్తొచ్చినట్టు గబగబా కారెక్కాడు.

పోశవ్వ నేరుగా నా దుకాణానికి వచ్చి అతనన్న మాటలు చెప్పింది. "తమ్మీ, వల పాణం ఎట్ల కాపాడ్తది? తీస్తది గని," అంది.

సరిహద్దు అన్న మాట వినగానే నాకు దారి దొరికింది. ఫోన్లో వెతికాను. యుక్రెయిన్ యుద్ధం వీడియోలు వరసగా వచ్చాయి. రోడ్డు పొడుగునా రెండు పక్కలా గుంజలు పాతి, చేపల వలలు పందిరిలా కప్పారు. ఆ పందిరి కింద మిలట్రీ బండ్లు పోతున్నాయి. బండ్ల మీద కూడా పైపుల చట్రాలు, వాటికి వలలు. ఆ చట్రం చూసి పోశవ్వ "ఆఁ, గిదే, గిదే," అని వేలు పెట్టింది.

ఆ బండ్ల పైన గాల్లో ఒక డ్రోను తిరుగుతోంది. మా దగ్గర డ్రోను కొత్తేం కాదు. పత్తి చేలల్లో మందు కొడుతుంది, పెళ్ళిళ్ళలో అక్షింతల వేళ నెత్తి మీద తిరుగుతుంది. ఇది బాంబు కట్టుకుని తిరిగేది.

"గింత పురుగు గంత పెద్ద ఇనుప బండిని ఏం చేస్తది?" అని అడిగింది.

"బుగ్గి చేస్తది. దాన్ని నడిపేటోడు ఎక్కడనో కూసోని టీవీల చూసినట్టు చూస్కుంట తోల్తడు. వల అడ్డం వస్తె చిక్కుకుంటది. సందు దొరికితే లోపలికి దూరుస్తడు."

ఆ తర్వాతి వీడియోలో సరిగ్గా అదే జరిగింది. వల కట్టిన బండి చుట్టూ డ్రోను ఒకటి నిదానంగా తిరిగింది. ఒక మూల వల కొంచెం తెగి ఉంది. అక్కడ ఆగింది, చూసింది, దూరింది. ఆ తర్వాత తెర అంతా పొగ.

పోశవ్వ అది మళ్ళీ పెట్టించి చూసింది. తర్వాత బొటనవేలు, చిటికెనవేలు చాపి తెర మీద ఆనించింది. "గీ పురుగు నిజంగ ఎంతుంటది? జానెడా?"

"చిన్నయి జానెడు ఉంటయి."

స్టూలు మీద కూలబడింది. "తమ్మీ, నా పన్నెండు వలలల్ల పన్నెండు సందులున్నయి," అంది.

ముందు షట్టరు సగం దించాను. "పోశక్కా, గీ ముచ్చట నా తాన అన్నవు, ఇంకోతాన అనకు. వాళ్ళు చూసుకున్నరు, తూకం ఏసుకున్నరు, లాగి చూసుకున్నరు. వాళ్ళకు కనవడలే. నువ్వు చెప్పినవంటే కావాల్ననే చేసినవంటరు," అన్నాను.

ఇద్దరం వాళ్ళింటికి పోతే ముత్యం కూడా అదే అన్నాడు. ఆయన తమ్ముడు భూమన్న మస్కట్‌లో ఉన్నాడు. "గల్ఫుల మన మనిషి, మిలట్రీ వలలల్ల సందులు. గీ రెండు కలిపి చూసేటోనికి మనం ఎట్ల కనవడ్తమో ఎరికేనా? ముసలితనంల నన్ను జైలుకు పంపకే," అని బతిమాలాడు.

పోశవ్వ అన్నీ విన్నది. ఇద్దరం చెప్పేది నిజమేనని ఒప్పుకుంది కూడా. తర్వాత నా వైపు తిరిగి అన్న మాట నేను మరిచిపోలేను. "చాప బయటికి పోవాలెనని ఇడిసిన తమ్మీ. సావు లోపలికి రావాలెనని ఇడువలే. సోమారం లోపట చెప్పకపోతె నేను మనిషినే కాదు. నాగరాజుకు ఫోను కలుపు."

కలిపాను. స్పీకరులో పెట్టాను. ఆమె చెప్పింది.

"సందులు పెట్టమని నీకు ఎవరు చెప్పిన్రు?" అన్నాడు నాగరాజు. గొంతు మారిపోయింది.

"మా అత్త."

"ఆమె ఎక్కడుంటది? పూర్తి పేరు చెప్పు."

"సచ్చిపోయి పద్దెనిమిదేండ్లాయె సారూ."

మర్నాడు సాయంత్రానికి వాళ్ళు వలలన్నీ పరిచి వెతికారట. తొమ్మిదింట్లో దొరికాయి. మూడింట్లో దొరకలేదు. లేవా, కనబడలేదా? అది తేలకుండా ఆ మూడూ పంపలేరు, తేల్చగలిగేది ఈమె ఒక్కతే. ఆ పై రోజు పొద్దున్నే కారు వచ్చింది. "నేను సదువుకోలే. ఏ కాయితం మీద ఏలు పెట్టమంటరో. సదానందం నాతోటి వస్తెనే వస్త," అని పోశవ్వ మొండికేసింది. అలా నేనూ కారెక్కాను.

హైదరాబాదు అవతల ఎక్కడికి పోయామో చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి చెప్పను. పెద్ద రేకుల షెడ్డు. గేటు దగ్గర ఫోన్లే కాదు, నా జేబులో పెన్ను కూడా తీసుకున్నారు. లోపల గొలుసు చక్రాల మిలట్రీ బండి ఒకటి ఆకుపచ్చగా నిలబడి ఉంది. దాని పక్కన బల్ల వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. మెడలో కార్డు వేసుకున్న పెద్దసారు ఎదురుగా కూర్చున్నాడు. మూడు గంటలు అడిగాడు. అడిగిందే తిప్పి తిప్పి అడిగాడు.

"మీ మరిది మస్కట్‌లో ఏం చేస్తాడు?"

"లారీలు కడుగుతడు సారూ."

"ఎవరెవరితో మాట్లాడతాడు?"

"పండుగకు నాతోటి. తక్కిన దినాలు నీళ్ళ పైపుతోటి."

పెద్దసారు నవ్వలేదు. ఫైలులోంచి ఒక కాగితం తీశాడు. దూరం నుంచే గుర్తుపట్టాను. నా దుకాణం ప్రింటరుకు ఎడమ అంచున సన్నటి నల్లగీత పడుతుంది.

"ఇది మీ ఊరి నుంచి వచ్చిన ఆకాశరామన్న ఉత్తరం. వలల కొలతలు, తాడు లావు అన్నీ ఇందులో ఉన్నాయి. పని చెడగొట్టాలని చూసినవాడెవడో ఉన్నాడు. వాడే నీ చేత సందులు పెట్టించాడని మా అనుమానం. విను," అని మొత్తం చదివాడు. చివరిదాకా చదివాడు. తమరి చల్లని చూపు కోసం, వేయి కళ్ళతో, ఎదురుచూస్తున్నాము. నా జీవితంలో ఆ వాక్యం అంత పొడుగ్గా ఎప్పుడూ వినిపించలేదు.

"ఎవరు రాసి ఉంటారు?" అన్నాడు.

పోశవ్వ నా వైపు చూడలేదు. ఒళ్ళో ఉన్న తన చేతులే చూసుకుంది. "తెల్వది సారూ. మా వాడల రాసెటోళ్ళు లేరు," అంది.

"ఈయన?" అని నన్ను చూపించాడు.

"గీయన నా కాయితాలు సదివి పెడ్తడు. నేను సందు సంగతి చెప్తనంటె వద్దు, నిన్ను పట్టుకుంటరు అని పరేషాన్ అయిండు. అయినా ఫోను కలిపిచ్చిండు."

అందులో ఒక్క అబద్ధం లేదు. నేనే రాశాను అనడానికి అంతకన్నా మంచి సమయం నాకు దొరకదు. మంచినీళ్ళు అడిగి తాగాను.

ఆ తర్వాత ఆమెను వలల దగ్గరికి తీసుకుపోయారు. ముగ్గురు మనుషులు పూట పూటంతా వెతికినా దొరకని మూడు చోట్లనూ, కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించుకుంటూ పోయి, చాయి తాగేంత సేపట్లో చూపించింది. పన్నెండింటికీ ముడులు వెయ్యాలి. మొదటి ముడి దగ్గర ఆగింది. వలను కళ్ళకద్దుకుని, "తప్పయింది గంగమ్మా. గిది చాపల వల గాదు," అంది. కంట్లో నీళ్ళు తిరిగాయి. విడిచిన చోట ఆమె ముడి వెయ్యడం ముప్పై ఐదేళ్ళలో అదే మొదటిసారి.

ముడులయ్యాక వలను బండి మీద కప్పి పరీక్ష పెట్టారు. డ్రోను నడిపేది హర్షిణి అని ఇరవై అయిదేళ్ళ అమ్మాయి. డ్రోను కెమెరా చూసేది కనబడే అద్దాలు కంటికి తగిలించుకుని, బాంబు లేని డ్రోనును బండి చుట్టూ తిప్పింది. పైనుంచి, పక్కనుంచి, వెనకనుంచి ఆరుసార్లు పొడిచింది. ఆరుసార్లూ వల పట్టుకుంది. నాగరాజు ఊపిరి వదిలాడు. పెద్దసారు గడియారం చూసుకున్నాడు.

పోశవ్వ మాత్రం బండి చుట్టూ తిరుగుతోంది. పైన ఉన్న గుండ్రటి ఇనుప మూత చూపించి, "బిడ్డా, గిదేంది?" అని హర్షిణిని అడిగింది.

"లోపల ఉండేవాళ్ళు ఎక్కి దిగే మూత, అమ్మా."

"వల కప్పినంక ఎట్ల దిగుతరు?"

"కింద చుట్టూ తాళ్ళుంటాయి కదా. అవి విప్పి వల పైకి ఎత్తుతారు."

"ఎవలు విప్పుతరు?"

"బయట ఉన్నవాళ్ళు."

"బయట ఎవలు లేకపోతె? లోపల మంట లేస్తె?"

హర్షిణి అద్దాలు తీసింది. పెద్దసారు వైపు చూసింది. పెద్దసారు ఇంకెవరి వైపో చూశాడు. మూత తెరిచి చూపించమన్నారు. జానెడు లేచి వలకు తగిలి ఆగిపోయింది. లోపల కూర్చున్న సిపాయి వేళ్ళు ఆ జానెడు సందులోంచి కనబడ్డాయి. ఎవరి బిడ్డో ఆ కుర్రాడు. ఇన్ని కాగితాలు, ఇన్ని సంతకాలు, ఇంతమంది చదువుకున్నవాళ్ళం. అది అడిగింది ఈమె ఒక్కతే.

"అన్ని సందులు మూపిచ్చిన్రు సారూ. లోపలున్నది చాప గాదు, మనిషి," అంది పోశవ్వ. అప్పుడు మాత్రం ఆమె గొంతులో కోపం వినబడింది.

కూర్చుని పని మొదలుపెట్టింది. మూత మీద పడే చోట వలను మూరెడున్నర నిలువునా విడదీసి, మళ్ళీ ఒకే తాడుతో గొలుసుకుట్టు వేసి కలిపింది. ఎరువు బస్తా మూతికి వేసే కుట్టు అది. బయటినుంచి ఎంత గుద్దినా విడిపోదు. సరైన కొస పట్టి లాగితే చివరిదాకా సర్రున ఊడిపోతుంది. ఆ కొసను మూత లోపలికి దించింది. హర్షిణి మళ్ళీ నాలుగుసార్లు పొడిచింది. వల ఆగింది. లోపల సిపాయి కొస లాగాడు. వల రెండుగా విచ్చుకుంది, వాడు బయటికి వచ్చి నిలబడ్డాడు. నాగరాజు చప్పట్లు కొట్టబోయి పెద్దసారును చూసి చేతులు దించుకున్నాడు.

పెద్దసారు అడిగింది ఒకే మాట. "ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎందుకో అడగొద్దన్నరు గద సారూ," అంది పోశవ్వ.

ఇంకో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పంపించారు. సోమవారం లారీ ఆగింది. మళ్ళీ సోమవారానికి పన్నెండు వలలూ కొత్త కుట్టుతో పోయాయని నాగరాజు ఫోన్లో చెప్పాడట. ఇంకో ముప్పై కావాలన్నాడట. కెమెరా మాత్రం తియ్యలేదు. ఇప్పటికీ నెలకోసారి ఇద్దరు వచ్చి భూమన్న గురించి అడిగి పోతారు.

పోయిన నెల పోశవ్వ నా దుకాణానికి వచ్చింది. సంఘం భవనానికి నల్లా కనెక్షన్ కావాలని అర్జీ రాయాలి. ముప్పై వలల పనికి పదిహేను మంది కూర్చుంటున్నారు, తాగడానికి నీళ్ళు లేవు. ఆమె చెబుతుంటే టైపు చేస్తూ పోయాను. విషయం అయిపోయింది. వేళ్ళు అలవాటు చొప్పున ముందుకు కదిలాయి. తెర మీద 'తమరి చల్లని' దాకా వచ్చింది.

"గా ఆఖరు ముచ్చట రాయకు తమ్మీ," అంది.

నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"నా పింఛను కాయితంల గదే రాసినవు. ఇంటి జాగ కాయితంల గదే. మా అత్త సచ్చినప్పటి కాయితంల సుత గదే. అన్నిట్లనూ సదివి ఇనిపిచ్చినవు గద, నాకు నోటికి వచ్చె. గా సారు సదువుతుంటె, ఇగ మా సదానందమే అనుకున్న."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మూడు గంటలు నా సుట్టూ అన్ని సందులు మూసుకుంట వచ్చిన్రు వాళ్ళు. నా చేతుల ఉన్నది ఒక్క సందు. నీకు ఇడిసిపెట్టిన," అంది. లేచి గుమ్మం దాకా పోయి ఆగింది. "జమున ఇంక పనికి వస్తలేదు. ఎవలు పిలిచినా వస్తలేదు."

నేను ఆ రెండు మాటలూ చెరిపేసి, అర్జీ ప్రింటు తీసి ఆమె చేతికిచ్చాను. తర్వాత షట్టరు దించి తాళం వేసి, జమున ఇంటికి బయల్దేరాను.